ఆండ్రే లె నోత్ర్

ఆండ్రే లె నోత్ర్ (1613 మార్చి 12 - 1700 సెప్టెంబరు 15) ఫ్రాన్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ ఉద్యానవన శిల్పి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొలువులో సుమారు నలభై సంవత్సరాలు పనిచేసి, వెర్సాయ్ రాజప్రాసాదం ముందున్న మహోద్యానవనానికి రూపకల్పన చేశాడు. పారిస్ నగరానికి నైరుతి దిశలో సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రాసాదం పేరు మన చరిత్ర పాఠ్యపుస్తకాలలో వర్సైల్స్ అని కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1919లో సంధి పత్రాలపై సంతకాలు జరిగినది ఇక్కడే.

లె నోత్ర్ తన విద్య గురించి ఒక్క గ్రంథం కూడా రచించలేదు. ఆయన నాటించిన చెట్లు ఏనాడో నశించాయి. అయినప్పటికీ ఆయన నేలపై గీసిన గీతలు మూడున్నర శతాబ్దాలుగా నిలిచి, ఉద్యానవనాలకే కాక నగర నిర్మాణానికి కూడా మార్గదర్శకాలైనాయి.

బాల్యము - విద్యాభ్యాసము

లె నోత్ర్ పారిస్ నగరంలో తోటమాలుల కుటుంబంలో జన్మించాడు. తాత పియర్ లె నోత్ర్ 16వ శతాబ్దం చివరి భాగంలో తుయిలెరీ రాజోద్యానంలో తోటమాలిగా ఉండేవాడు. తండ్రి జాన్ లె నోత్ర్ 13వ లూయీ కాలంలో అదే తోటకు ప్రధాన తోటమాలి అయ్యాడు. ఆ కాలంలో ఫ్రాన్స్ రాజోద్యానాల ఉద్యోగాలు తండ్రి నుండి కుమారునికి సంక్రమించేవి. తోటమాలుల కుటుంబాల మధ్య బాంధవ్యాలు కూడా బలంగా ఉండేవి. ఆండ్రేకు బాప్టిజం సమయంలో జ్ఞానమాతగా నిలిచిన స్త్రీ, మరొక గొప్ప తోటమాలి అయిన క్లోద్ మొల్లే భార్య.

అయితే ఆండ్రే నేరుగా తండ్రి వృత్తిలోకి ప్రవేశించలేదు. రాజాస్థాన చిత్రకారుడైన సిమోన్ వూయే చిత్రశాలలో చేరి చిత్రలేఖనం అభ్యసించాడు. అక్కడ సహాధ్యాయి అయిన షార్ల్ లె బ్రున్‌తో ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. లె బ్రున్ తరువాతి కాలంలో 14వ లూయీకి ప్రధాన చిత్రకారుడయ్యాడు. లె నోత్ర్ చిత్రలేఖనంతో పాటు వాస్తుశాస్త్రం, రేఖాగణితం, దృష్టి శాస్త్రం కూడా నేర్చుకున్నాడు. దూరంగా ఉన్న వస్తువు కంటికి ఎందుకు చిన్నదిగా తోస్తుంది, సమాంతర గీతలు ఎందుకు దగ్గరవుతున్నట్లు కనిపిస్తాయి అనే విషయాలు చిత్రకారుడు కాగితం మీద ఉపయోగించేవి. లె నోత్ర్ వాటిని నేల మీద ఉపయోగించాడు. ఇతర తోటమాలులకు, ఆయనకు ఉన్న ప్రధానమైన భేదం ఇదే.

ఉద్యోగ జీవితారంభము

1635లో లె నోత్ర్ రాజు సోదరుడైన గాస్తోన్ వద్ద ప్రధాన తోటమాలిగా నియమితుడయ్యాడు. 1637లో తండ్రి అనంతరం తుయిలెరీ తోట బాధ్యత తనకే దక్కే విధంగా రాజాజ్ఞ పొందాడు. 1640లో ఫ్రాంస్వాజ్ లాంగ్లోవాను వివాహం చేసుకున్నాడు. ఈ దంపతులకు ముగ్గురు సంతానం కలిగారు కాని ముగ్గురూ చిన్నతనంలోనే మరణించారు. మూడు తరాలుగా వచ్చిన వంశవృత్తికి ఆయన ఇంట ప్రత్యక్ష వారసుడు లేకపోయాడు.

1643లో రాజోద్యానాల మొక్కల వరుసలకు, పూలమళ్ళకు నమూనాలు గీసే ఉద్యోగం లభించింది. 1657లో రాజభవనాల పర్యవేక్షణాధికారులలో ఒకడయ్యాడు. ఈ పదవి వలన తోటపనితో పాటు కట్టడాల లెక్కలు, కూలీల వ్యవహారాలు, గుత్తేదారుల ఒప్పందాలు కూడా ఆయనకు పరిచయమయ్యాయి.

వో-లె-వికోంత్ ఉద్యానవనము

లె నోత్ర్‌కు కీర్తి తెచ్చిన మొదటి గొప్ప నిర్మాణం వో-లె-వికోంత్. పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఈ ప్రాసాదాన్ని ఆర్థిక వ్యవహారాల అధిపతి నికొలా ఫూకే నిర్మింపజేశాడు. ఫూకే ముగ్గురు సమర్థులను ఒకచోట చేర్చాడు. భవన నిర్మాణానికి లూయీ లె వో, అలంకరణకు లె బ్రున్, తోటకు లె నోత్ర్ నియమితులయ్యారు. ప్రాసాదానికి, తోటకు కావలసిన స్థలం కోసం అక్కడి పల్లెలను తొలగించి నేలను చదును చేశారు.

ఈ తోటలో లె నోత్ర్ తన దృష్టి శాస్త్ర పరిజ్ఞానాన్నంతా ప్రదర్శించాడు. ప్రాసాదం మెట్ల మీద నిలబడి చూసినవారికి తోట మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. దూరంగా ఉన్న కొలనులను దగ్గరి వాటి కంటె పెద్దవిగా నిర్మించినందువలన అవి ఉన్నదాని కంటె సమీపంలో ఉన్నట్లు తోస్తాయి. కాని నడక సాగించినప్పుడు దూరం పెరుగుతూ పోతుంది. తోటకు అడ్డంగా పల్లంలో త్రవ్విన పెద్ద కాలువ ప్రాసాదం నుండి కనిపించదు. సందర్శకుడు దాని సమీపానికి వెళ్ళినప్పుడు మాత్రమే నీరు హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది.

1661 ఆగస్టు 17న ఫూకే ఈ ప్రాసాదంలో రాజుకు వైభవంగా విందు ఇచ్చాడు. ఆ రాత్రి మోలియేర్ రచించిన నాటకం ప్రదర్శించబడింది. బాణాసంచా కాల్చారు. ఇరవై రెండేళ్ళ వయసులో ఉన్న 14వ లూయీకి ఈ వైభవం సంతోషం కలిగించలేదు. ఫూకేను పదవి నుండి తొలగించాలని అప్పటికే నిశ్చయించుకున్న రాజు, విందు జరిగిన మూడు వారాలలోపే సెప్టెంబరు 5న నాంత్ పట్టణంలో అతనిని నిర్బంధించాడు. ప్రభుత్వ ధనాన్ని అపహరించాడనే ఆరోపణపై మూడేళ్ళు విచారణ జరిగింది. న్యాయాధిపతులు దేశ బహిష్కరణ శిక్ష విధించగా, రాజు దానిని యావజ్జీవ కారాగారంగా మార్చాడు. ఫూకే 1680లో పిన్యెరోల్ కోటలోని చెరసాలలో మరణించాడు.

వో-లె-వికోంత్ నుండి విగ్రహాలు, నారింజ చెట్లు రాజు ప్రాసాదాలకు తరలించబడ్డాయి. వాటితో పాటే లె వో, లె బ్రున్, లె నోత్ర్ కూడా రాజు పనిలోకి మారారు. ఒక యజమాని పతనమే లె నోత్ర్ అభ్యున్నతికి ద్వారం తెరచింది. ఆ తోట ఎంత బాగా కుదిరిందో, దానిని చేయించినవానికి అంత ముప్పు తెచ్చింది.

వెర్సాయ్ ఉద్యానవనము

వెర్సాయ్‌లో 13వ లూయీ 1623లో వేట కోసం ఒక చిన్న విడిది కట్టించుకున్నాడు. 1630 దశకంలో దానిని చిన్న ప్రాసాదంగా మార్చాడు. చుట్టూ అడవి, చిత్తడి నేల ఉండేవి. సమీపంలో పెద్ద నది లేదు. ఇంత ప్రతికూలమైన స్థలాన్ని 14వ లూయీ తన నివాసంగా ఎన్నుకున్నాడు. 1661 నుండి తోట పనులు మొదలయ్యాయి. 1682లో రాజు తన కొలువును, ప్రభుత్వాన్ని పూర్తిగా ఇక్కడికి మార్చాడు. అంటే ప్రాసాదం పూర్తి రూపు దాల్చక మునుపే ఇరవై ఏళ్ళుగా తోట పెరుగుతూ ఉన్నది.

లె నోత్ర్ ప్రాసాదం మధ్య నుండి పడమటి దిశగా ఒక తిన్నని గీతను తోటకు వెన్నెముకగా గ్రహించాడు. ప్రాసాదం నుండి దిగి వచ్చేవారికి ముందుగా లాతోనా ఫౌంటెన్ కనిపిస్తుంది. లాతోనా గ్రీకు, రోమన్ పురాణాలలో సూర్యదేవుడైన అపోలోకు తల్లి. ఆమెను అవమానించిన గ్రామీణులు కప్పలుగా మారిన కథ ఈ ఫౌంటెన్‌లో శిల్పాల రూపంలో ఉన్నది. దాని తరువాత పచ్చిక తివాచీ అని పిలువబడే 335 మీటర్ల పొడవైన పచ్చిక బయలు, దాని చివర నీటి నుండి పైకి లేస్తున్న అపోలో రథం ఉంటాయి. అక్కడి నుండి మహాకాలువ మొదలవుతుంది. 14వ లూయీ తనను సూర్యునితో పోల్చుకొనేవాడు. అందువలన తోట నడుమ అపోలోకు స్థానం దక్కింది.

మహాకాలువ పనులు 1668లో మొదలై పదకొండేళ్ళు సాగాయి. దీని పొడవు 1,670 మీటర్లు. దీనికి అడ్డంగా మరొక కాలువ ఉండటం వలన పైనుండి చూస్తే శిలువ ఆకారంలో కనిపిస్తుంది. ఇది చూపునకు ఇంపుగా ఉండటమే కాక, పల్లపు నేలలోని చిత్తడి నీరు వచ్చి చేరే చోటుగా కూడా ఉపయోగపడింది. వెనిస్ గణతంత్రం పంపిన గొండోలా పడవలు కూడా ఇందులో తిరిగేవి.

నడిమి గీతకు ఇరువైపులా చెట్ల గుబురుల మధ్య నికుంజాలు ఏర్పరచబడ్డాయి. ఇవి పైకప్పు లేని గదుల వంటివి. కత్తిరించిన పొదలు గోడలుగా, ఆకాశమే కప్పుగా, ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా ఉండేవి. 1680-1683 మధ్య నిర్మించిన నృత్యశాల నికుంజంలో గవ్వలు, రాళ్ళు పొదిగిన మెట్ల మీదుగా నీరు జాలువారుతుంది. మరొక నికుంజంలో మెలికల దారులతో ఒక చిక్కుతోట ఉండేది. దానిలో 1670 దశకంలో ఈసపు కథల ఆధారంగా 39 ఫౌంటెన్లు ఏర్పాటు చేశారు. కాకి, నక్క, తోడేలు, కొంగ మొదలైన జంతువుల శిల్పాల నోటి నుండి నీరు వెలువడేది. యువరాజు ఆడుకుంటూ నీతి కథలు నేర్చుకొనటానికి ఇది ఉపకరించింది. ఈ చిక్కుతోటను 1775లో తొలగించారు.

మొక్కలు పెరిగే వరకు వేచి ఉండుటకు రాజుకు ఓపిక లేదు. అందువలన నార్మండీ, ఫ్లాండర్స్ మొదలైన ప్రాంతాల నుండి ఎదిగిన చెట్లను వేళ్ళతో సహా పెకలించి బండ్ల మీద తెప్పించారు. వాటిలో అనేకం బ్రతకలేదు. చనిపోయిన వాటి స్థానంలో మరల కొత్తవి నాటేవారు.

నీటి సమస్య

వెర్సాయ్ చరిత్రలో తీరని సమస్య నీరు. లె నోత్ర్ నమూనాలలోని కొలనులు, ఫౌంటెన్లు అన్నీ ఒకేసారి పనిచేయటానికి చాలినంత నీరు ఆ ప్రదేశంలో ఏనాడూ లభించలేదు. ఫౌంటెన్ల నిర్వహణ ఇటలీ నుండి వచ్చి స్థిరపడిన ఫ్రాంసీన్ కుటుంబం చేతిలో ఉండేది. రాజు తోటలో నడుస్తున్నప్పుడు పనివారు ఈలలతో ఒకరికొకరు సంకేతాలిచ్చుకొని, ఆయన సమీపించే ఫౌంటెన్‌ను తెరచి, ఆయన దాటిపోగానే మూసివేసేవారు.

నీటి కోసం అనేక ప్రయత్నాలు జరిగాయి. దూరాన ఉన్న ల్వార్ నది నుండి కాలువ త్రవ్వి నీరు తేవచ్చునని ఒక ప్రతిపాదన వచ్చింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ పికార్ నేల మట్టాలను జాగ్రత్తగా కొలిచి, ఆ నీరు వెర్సాయ్ ఎత్తుకు చేరదని నిరూపించాడు. ఆ కొలతల వలన వృథా కావలసిన అపార ధనం మిగిలింది. తరువాత చుట్టుపక్కల మెట్టప్రాంతాలలో పడే వాన నీటిని చెరువులలో నిలువచేసి, పిల్లకాలువల ద్వారా తోటకు తెచ్చే ఏర్పాటు చేశారు.

1681-1684 మధ్య సేన్ నది మీద మార్లీ యంత్రం నిర్మించబడింది. నది ప్రవాహంతో తిరిగే 14 పెద్ద చక్రాలు, రెండు వందలకు పైగా పంపులు నీటిని 150 మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చేవి. ఆనాటి ఐరోపాలో ఇది గొప్ప ఇంజనీరింగు అద్భుతం. అయినా అది రాజు కోరినంత నీటిని ఇవ్వలేకపోయింది.

1685లో యూర్ నది నీటిని తేవటానికి మరొక పెద్ద పథకం ఆరంభమైంది. కోటల నిర్మాణంలో ప్రసిద్ధుడైన వోబాన్ దీని నిర్మాణానికి ప్రణాళిక రచించాడు. వేల సంఖ్యలో సైనికులను మట్టిపనికి నియమించారు. చిత్తడి నేలలలో వ్యాపించిన జ్వరాల వలన వారిలో అనేకులు మరణించారు. 1688లో యుద్ధం మొదలు కావడంతో సైనికులను అక్కడికి పంపివేశారు. పథకం శాశ్వతంగా ఆగిపోయింది. మాంతెనోన్ ప్రాసాదం తోటలో అసంపూర్ణంగా నిలిచిన వంతెన కమానులు నేటికీ దీనికి సాక్ష్యంగా ఉన్నాయి. ఈ పథకం లె నోత్ర్ రచించినది కాదు. కాని ఆయన తోట దాహమే దీనికి కారణం.

వెర్సాయ్ పనులలో ప్రాణనష్టం అంతకు ముందు నుండీ ఉన్నదే. శవాలను రాత్రివేళ బండ్లలో తరలిస్తున్న విషయాన్ని మదాం ద సెవిన్యే అనే ఉన్నత కుటుంబ స్త్రీ 1678లో వ్రాసిన ఒక లేఖలో ప్రస్తావించింది. నేడు ఆ తోటలో నడిచేవారికి విగ్రహాల క్రింద శిల్పుల పేర్లు తెలుస్తాయి. ఆ మట్టి త్రవ్వి మోసినవారి పేర్లు మాత్రం తోటలో ఎక్కడా కనిపించవు.

తుయిలెరీ మరియు ఇతర ఉద్యానవనములు

1660 దశకంలో లె నోత్ర్ తాను పుట్టి పెరిగిన తుయిలెరీ తోటను కూడా పునర్నిర్మించాడు. తోట మధ్య బాటను పడమటి దిక్కుగా తోట హద్దులు దాటించి పొలాల మీదుగా సాగించాడు. చెట్ల వరుసలతో ఏర్పడిన ఆ బాటే కాలక్రమంలో షాంజెలీజే అనే ప్రపంచ ప్రఖ్యాత రాజవీధిగా మారింది. పారిస్ నగరం పడమటి వైపు పెరిగిన దిశను ఒక తోటమాలి గీసిన గీత నిర్ణయించినదని చెప్పవచ్చు.

తోట సిద్ధమైన తరువాత రాజు మంత్రి కోల్బేర్ దానిని రాజకుటుంబానికే పరిమితం చేయాలని భావించాడు. రచయిత, అధికారి అయిన షార్ల్ పెరో ఆయనను ఆ ఆలోచన నుండి మరల్చాడు. జనం ఈ తోటకు నష్టం కలిగించటం లేదని, తోటలు పౌరుల విహారానికే ఉన్నాయని పెరో వాదించాడు. ఫలితంగా తుయిలెరీ తోట ప్రజలకు తెరచి ఉన్నది. ఈ పెరోయే సిండ్రెల్లా కథను ఫ్రెంచి భాషలో ప్రసిద్ధం చేసినవాడు.

లె నోత్ర్ తీర్చిదిద్దిన ఇతర ప్రధాన ఉద్యానవనాలు:

షాంతియీ - సేనాధిపతి కోందే రాకుమారుని కోసం 1663 నుండి నిర్మించబడింది. ఇక్కడ నీరు సమృద్ధిగా లభించటం వలన విశాలమైన జలాశయాలు, పొడవైన కాలువ సాధ్యమైనాయి.

సాన్ జెర్మాన్ - 1669 నుండి నిర్మించిన పొడవైన గట్టు. సుమారు రెండు కిలోమీటర్లు సాగే ఈ ఎత్తైన బాట మీద నుండి సేన్ నదీ లోయ కనిపిస్తుంది.

సాన్ క్లూ - రాజు సోదరుడు ఫిలిప్ నివాసంలోని తోట.

సో - మంత్రి కోల్బేర్ ప్రాసాదంలోని తోట.

గ్రీనిచ్ - ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కోసం 1660 దశకంలో పంపిన నమూనా. లె నోత్ర్ చేతివ్రాత గల ఈ నమూనా నేటికీ భద్రపరచబడి ఉన్నది.

వ్యక్తిత్వము

లె నోత్ర్ నిరాడంబరుడు, సరస స్వభావుడు. రాజాస్థానంలో సర్వసాధారణమైన ఈర్ష్యాసూయలకు దూరంగా ఉండి అందరి మన్ననలు పొందాడు. ఆస్థానంలోని లోపాలను నిర్దాక్షిణ్యంగా విమర్శించిన సాన్ సిమోన్ ప్రభువు కూడా తన జ్ఞాపకాలలో లె నోత్ర్ నిజాయితీని, ముక్కుసూటితనాన్ని ప్రశంసించాడు. తన స్థాయిని ఎన్నడూ మరువలేదని, ధనికుని తోటకైనా సామాన్యుని తోటకైనా ఒకే శ్రద్ధ చూపేవాడని ఆయన వ్రాశాడు.

రాజు 1675లో లె నోత్ర్‌కు కులీన హోదా ప్రసాదించాడు. వంశచిహ్నం ఎన్నుకొనమన్నప్పుడు తనకు అప్పటికే మూడు నత్తలు, ఒక క్యాబేజీ ఉన్నాయని చమత్కరించినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన వంశచిహ్నంలో మూడు నత్తలు ఉన్న మాట నిజమే.

1679లో ఇటలీ యాత్ర చేసి రోము నగరంలో పోపు 11వ ఇన్నోసెంట్ దర్శనం పొందాడు. అక్కడ ఆనందం పట్టలేక పోపును కౌగిలించుకున్నాడని చెబుతారు. ఈ వార్త ఫ్రాన్స్ చేరినప్పుడు రాజు ఆశ్చర్యపడలేదట. తాను యుద్ధాల నుండి తిరిగి వచ్చినప్పుడల్లా లె నోత్ర్ తనను కూడా అలాగే కౌగిలించుకుంటాడని అన్నట్లు ప్రతీతి.

ఆయనకు నొప్పి కలిగించిన సంఘటన కూడా ఒకటి ఉన్నది. 1685లో వాస్తుశిల్పి మాన్సార్ వెర్సాయ్‌లో లె నోత్ర్ రూపొందించిన ఒక నికుంజాన్ని తొలగించి దాని స్థానంలో పాలరాతి స్తంభాల మండపం కట్టించాడు. రాజు అభిప్రాయం అడిగినప్పుడు, ఒక తాపీమేస్త్రిని తోటమాలిగా నియమిస్తే అతడు తన విద్యనే చూపాడని లె నోత్ర్ బదులిచ్చాడట. ఆ మండపం నేటికీ ఉన్నది.

కళాఖండాల సేకరణ ఆయనకు అభిమాన విషయం. చిత్రకారుడు నికొలా పూసేన్ 1653లో ఆయన కోసం ప్రత్యేకంగా ఒక చిత్రం గీశాడు. 1693లో లె నోత్ర్ తన సేకరణలోని శ్రేష్ఠమైన చిత్రాలను, శిల్పాలను రాజుకు సమర్పించాడు. పూసేన్, క్లోద్ లొర్రేన్ గీసిన చిత్రాలు వాటిలో ఉన్నాయి. పైన చెప్పిన పూసేన్ చిత్రం నేడు లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది.

చివరి దినములు

1693లో ఎనభై ఏళ్ళ వయసులో లె నోత్ర్ పదవీ విరమణ చేశాడు. అదే సంవత్సరం సాన్ మిషెల్ బిరుదుతో రాజు ఆయనను సత్కరించాడు. ఆ తరువాత కూడా రాజు అప్పుడప్పుడు ఆయనను పిలిపించి తోటల గురించి సంభాషించేవాడు. మరణానికి సుమారు నెల రోజుల ముందు 14వ లూయీ ఆయనను చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టి, తన కుర్చీ ప్రక్కనే నడిపించుకుంటూ తోట అంతా త్రిప్పాడు. ఒక తోటమాలి కుమారుడు రాజుతో సమానంగా కూర్చుని తోటను చూడటం ఆ కాలపు మర్యాదలను బట్టి అసాధారణ గౌరవం.

1700 సెప్టెంబరు 15న పారిస్‌లోని స్వగృహంలో లె నోత్ర్ మరణించాడు. సాన్ రోష్ చర్చిలో ఆయనను సమాధి చేశారు. ఫ్రెంచి విప్లవ కాలంలో ఈ సమాధి ధ్వంసమైంది. శిల్పి క్వాజ్‌వో చెక్కిన ఆయన ప్రతిమ మాత్రం మిగిలింది.

ప్రభావము

లె నోత్ర్ స్వయంగా గ్రంథం రచించకపోయినా, ఆయన పద్ధతులను దెజాల్యే దార్జాన్‌విల్ 1709లో ప్రచురించిన ఉద్యానశాస్త్ర గ్రంథం ఐరోపా అంతటా వ్యాప్తి చేసింది. రష్యాలో పీటర్‌హోఫ్ మొదలైన రాజప్రాసాదాలు వెర్సాయ్‌ను ఆదర్శంగా తీసుకున్నాయి. వెర్సాయ్‌లో బాల్యం గడిపిన పియర్ లాంఫాన్ 1791లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు రచించిన ప్రణాళికలో కూడా పొడవైన తిన్నని వీధులు, దూరదృశ్యాలు కనిపిస్తాయి.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో దీనికి విరుద్ధమైన పద్ధతి బయలుదేరింది. వంకర బాటలు, సహజంగా తోచే చెరువులు, కత్తిరించని చెట్లు అభిమానపాత్రమయ్యాయి. తిన్నని గీతలను నిరంకుశత్వానికి చిహ్నంగా కొందరు విమర్శించారు. ఈ విమర్శలో సత్యం లేకపోలేదు. ఫూకే విందు, యూర్ నది పథకం దీనికి నిదర్శనాలు. కాని అవే గీతలు నేడు రాజులెవ్వరూ లేని దేశంలో సామాన్య ప్రజల విహారస్థలాలుగా ఉన్నాయి.

నేటి స్థితి

చెట్టుకు ఆయుర్దాయం ఉంటుంది. కనుక వెర్సాయ్ తోటను కాలానుగుణంగా మరల నాటవలసి వస్తుంది. 16వ లూయీ రాజైన తొలినాళ్ళలో, 1774 నుండి పాత చెట్లను నరికించి కొత్తవి నాటించాడు. ఆ సమయంలో తోటను పూర్తిగా ఇంగ్లీషు పద్ధతికి మార్చాలనే ఆలోచన వచ్చింది కాని, ప్రధానమైన గీతలను అలాగే ఉంచారు. విప్లవ కాలంలో కూడా తోట విధ్వంసం నుండి తప్పించుకున్నది. 19వ శతాబ్దంలో మరొకసారి చెట్లు నాటారు. 1999 డిసెంబరులో వచ్చిన ప్రచండ గాలివానకు వెర్సాయ్ ఆవరణలో పది వేలకు పైగా చెట్లు నేలకూలాయి. అనంతరం జరిగిన నాట్లలో అనేక భాగాలను లె నోత్ర్ కాలపు రూపానికి సమీపంగా తెచ్చారు.

1979లో యునెస్కో వెర్సాయ్ ప్రాసాదాన్ని, ఉద్యానవనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తోట, పార్కు కలిపి సుమారు 800 హెక్టార్లు, అనగా దాదాపు 2,000 ఎకరాల విస్తీర్ణం కలిగి ఉన్నాయి. 2013లో లె నోత్ర్ 400వ జయంతి సందర్భంగా వెర్సాయ్‌లో ప్రత్యేక ప్రదర్శన జరిగింది. లాతోనా ఫౌంటెన్ మరమ్మతులు 2015లో పూర్తయ్యాయి. వో-లె-వికోంత్ 1875లో కొత్త యజమాని చేతికి వచ్చి పునరుద్ధరించబడింది. 1968 నుండి సందర్శకులకు ప్రవేశం కల్పిస్తున్నారు. తుయిలెరీ ప్రాసాదం 1871లో అగ్నికి ఆహుతి కాగా, తోట మాత్రం నిలిచింది.

14వ లూయీ తన తోటను ఏ క్రమంలో చూడాలో వివరిస్తూ స్వయంగా ఒక చిన్న మార్గదర్శిని తయారుచేయించాడు. 1689 నుండి 1705 వరకు దానిని పలుమార్లు సవరించాడు. ఎక్కడ ఆగాలి, ఎటు తిరిగి చూడాలి అనే సూచనలు అందులో ఉన్నాయి. ఆ సూచనలను అనుసరించి నడిచే సందర్శకునికి, ఎన్నోసార్లు తిరిగి నాటిన చెట్ల నడుమ, లె నోత్ర్ ఉద్దేశించిన ప్రధాన దృశ్యాలు నేటికీ కనిపిస్తాయి.